నేను కుట్టని సంచి

చర్లకు పోయే దారిలో మాకొక టైలరు కొట్టు ఉంది. ఊరి పేరు రాయను. రాయకపోవడానికి కారణం భయమే. డెబ్బై దాటినవాడికి ఇంకా భయమేమిటని నవ్వేవాళ్ళు ఒక్క నెల ఇక్కడికొచ్చి ఉండి చూడాలి. ఇక్కడ మనిషి పేరు ఒకసారి కాగితం మీదికి ఎక్కితే, ఆ కాగితం ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోతుందో చెప్పగలిగినవాడు లేడు.

వజ్రాల కంపెనీల కొనుగోళ్ళ గురించి టైలరుకేం తెలుసని కూడా అంటారు. బడిలో నేను చదివింది మూడో తరగతి. మిగిలిన చదువంతా పాత పేపర్లదే. కుట్టిన బట్టలు చుట్టి ఇవ్వడానికి కిలోల లెక్కన పాత పేపర్లు కొనేవాణ్ణి. ముందు నేను చదివి, తరువాతే చుట్టేవాణ్ణి. సినిమా పేజీ చిరిగి వచ్చేది, క్రికెట్ పేజీ నలిగి వచ్చేది, వ్యాపారం పేజీ మాత్రం ఇస్త్రీ చేసినట్టు వచ్చేది. ఎవరూ ముట్టుకోని పేజీ కదా అని అదే పట్టుకున్నాను. తెలియని మాటకు డిక్షనరీ చూసుకుంటూ ఇంగ్లీషు పేపరు కూడా చదవగలిగాను. ఒక కంపెనీని ఇంకో కంపెనీ ఎందుకు మింగుతుందో నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. ఆ మింగుడులో నా కుట్టు కూడా ఉంటుందని మాత్రం అనుకోలేదు.

పన్నెండు పదమూడేళ్ళ కింద మొదటి కంపెనీ వచ్చింది. చిన్న కంపెనీ, రెండు జీపులు, నాలుగు గుడారాలు. వాళ్ళ జియాలజిస్టు కుర్రవాడే, మర్యాదగలవాడు. ఒకరోజు తడిసి చిరిగిన ప్లాస్టిక్ సంచీ ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అడవి వాగుల్లో ఇసుక తీసి, జల్లించి, బరువుగా అడుగున మిగిలే నల్లటి, ఎర్రటి గింజలను పరీక్షకు పంపుతారట. వజ్రం ఉండే రాయికి ఆ గింజలు తోడుంటాయట. ఏ చోటి ఇసుక ఏ సంచిలో ఉందో అంకెను బట్టి పుస్తకంలో రాసుకుంటారు. సంచి మీద ఇంకుతో వేసిన అంకె నీళ్ళకు చెరిగిపోతోంది. కాబట్టి ముతక తెల్లగుడ్డతో వెయ్యి సంచులు, మూతికి నాడా, ఒక్కోదాని మీద నల్లదారంతో అంకె కుట్టి ఇవ్వాలన్నాడు.

అంతవరకు మా కొట్టుకు అంత పెద్ద పని రాలేదు. అంకెలు కుట్టే పని నేనొక్కణ్ణే చేశాను. ఏడువందల ఎనభై అయిదు అయిపోయింది. తరువాతి అంకె దగ్గర చేయి ఆగింది. మా ముసల్మానులకు ఆ అంకె దేవుడి పేరుతో మొదలుపెట్టే మాటకు గుర్తు. ఉత్తరం మీద ముందు అదే వేస్తాం, కొట్టు గుమ్మం మీద అదే రాస్తాం. ఆ నంబరున్న నోటు చేతికొస్తే ఖర్చు పెట్టం. అలాంటి అంకెను బురద నింపి, తాడు కట్టి, లారీలో బూటు కాళ్ళ కింద పడేసే సంచి మీద ఎట్లా కుట్టను? కుట్టలేదు. దాన్ని వదిలి తరువాతిది కుట్టాను. వెయ్యి సంచులు లెక్కకు రావాలి కనుక చివరన వెయ్యిన్నొకటి కుట్టి కట్ట కట్టాను. వాళ్ళు సంచులు లెక్కపెట్టుకున్నారు, వెయ్యి వచ్చాయి, పోయారు. మరుసటి ఏడు అంకెకు ముందు ఇంగ్లీషు బి అక్షరం పెట్టి రెండో విడత కుట్టమన్నారు. అప్పుడూ అంతే చేశాను. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. దర్జీవాడు సంచికి ఏ అంకె వదిలాడో ఎవరికి కావాలి అనుకున్నాను.

ఆ చిన్న కంపెనీ తవ్వలేదు. పెద్ద కంపెనీ ఒకటి దాన్ని కొన్నది. గుడారాల దగ్గర బోర్డు మారింది. పెద్ద కంపెనీ కూడా తవ్వలేదు. వేరే ఎవడూ తవ్వకుండా ఉండటానికే కొన్నదని నేను అప్పుడే మా కొట్టు దగ్గర చెప్తే టీ తాగేవాళ్ళు నవ్వారు. ఇప్పుడు ఫ్యాక్టరీలో చేసిన వజ్రాలు బజారు నిండా వచ్చి అసలువాటి ధర పడిపోయింది. పెద్ద కంపెనీకి మా అడవి బరువైంది, మూడో కంపెనీకి అమ్మింది. మళ్ళీ బోర్డు మారింది. ఒక్క గడ్డపార దెబ్బ పడకుండా ముగ్గురు యజమానులు. వాళ్ళు ఒకరి దగ్గర ఒకరు కొన్నది రాయి కాదు, రప్ప కాదు. సంచుల అంకెలు రాసిన పుస్తకాలూ, మ్యాపులూ.

కిందటి వర్షాకాలం ముందు, ఒక గురువారం, నా స్నేహితుడి భార్య కొట్టుకొచ్చింది. అతను నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. కోయవాడు. వాళ్ళ గూడెం అడవి లోపల వాగు ఒడ్డున ఉంది, పోడు సాగు. మొదటి కంపెనీ ఇసుక తీయడానికి అతన్నే కూలికి పెట్టుకుంది. గూడెం పిల్లల బడి బట్టలన్నీ నా మిషను మీద కుట్టినవే. వాటికోసం ఎన్నిసార్లు వచ్చినా ఆమె నవ్వకుండా మా మెట్టు ఎక్కడం నేను అంతకుముందు చూడలేదు.

"అన్నా, ఇంటాయన్ని కంపెనోళ్ళు మూడు దినాల సంది పిలుస్తున్నరు. పొద్దున పోతే పొద్దుగూకంగ పంపుతున్నరు. బల్ల మీద కూసోబెట్టి అడిగిందే అడుగుతున్నరంట."

"ఏమడుగుతున్నరమ్మా?"

"అప్పట్ల ఏదో సంచి పోయిందంట. నువ్వే దాచినవ్, ఏడ పెట్టినవో చెప్పు అంటున్నరు. సోమారం దాక చెప్పకపోతే పోలీసోళ్ళకు కాయితం రాసిస్తరంట."

"ఏ సంచి?"

"నాకు నోరు తిరగదని చేతి మీద రాయించుకొచ్చిన" అని ఆమె అరచేయి చాపింది. బాల్‌పెన్నుతో రాసిన మూడు అంకెలు, చెమటకు కొంచెం అలుక్కుపోయి ఉన్నాయి.

నా కాలు మిషను తొక్కడం మరిచిపోయింది. ఆమె అరచేయి అట్లాగే చాపుకుని నిలబడింది, నేను చదవలేకపోయానేమో అనుకుని ఇంకా ముందుకు పెట్టింది. చెప్పాల్సింది ఆ క్షణంలోనే. "నేను విచారిస్త, నువ్వు పో తల్లీ" అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

ఇంట్లో నా భార్యకు చెప్పాను. మా ఇంటి మాటలు ఉర్దూలో సాగుతాయి, తెలుగు చేసి రాస్తున్నాను.

"జుమ్మా నమాజుకు పొమ్మంటే మోకాళ్ళ నొప్పంటవ్. ఉపవాసాలు నాలుగు దినాల్లో ఒడిసిపోతయ్ నీకు. సంచుల దగ్గరికొచ్చేసరికి ఏడలేని భక్తి పుట్టుకొచ్చిందా?" అన్నది.

"ఇప్పుడేం చేద్దాం?"

"ఏం చెయ్యకు. పోయినవంటే నీ పేరు ఎక్కుతది. సాయిబు ఒకడు కావాలని నంబర్లు మార్చిండని టీవీలల్ల అరుస్తరు. వాళ్ళకు గంత చాలు."

ఆమె మాటలో అబద్ధమేమీ లేదు. శుక్రవారమంతా కొట్టు సగం షట్టరు దించుకుని కూర్చున్నాను. జీపు చప్పుడైతే షట్టరు ఇంకో జానెడు దించేవాణ్ణి. ఎవడో పంట్లాం పొడుగు తగ్గించమని వస్తే టేపు పట్టి తప్పు కొలిచాను. భయం ఎంత నీచమైందంటే, ఆ కుర్ర జియాలజిస్టు ఈ పాటికి ఎక్కడో చచ్చిపోయి ఉంటే తప్పంతా అతని మీద పెట్టొచ్చు కదా అని కూడా ఆలోచించాను. నాకు అన్నం పెట్టినవాడు అతను.

శనివారం పొద్దున తలుపు తీసేసరికి స్నేహితుడి భార్య మా మెట్టు మీద కూర్చుని ఉంది. మొదటి ఆటోలో వచ్చేసిందట. నా భార్య చాయ్ ఇస్తే గ్లాసు పట్టుకుని కూర్చుంది గానీ తాగలేదు. పక్క మీద పడుకున్నా మొగుడు నిద్రపోవడం లేదనీ, తనంతట తనే "సంచి లేదు సార్, సంచి లేదు సార్" అంటున్నాడనీ చెప్పింది. నా భార్య లోపలికొచ్చి నా తెల్ల చొక్కా తీసి మంచం మీద పడేసింది.

"పో. ఆ పిల్ల ముఖం చూసుకుంట నేను ఈ ఇంట్ల అన్నం తినలేను" అన్నది.

కంపెనీ క్యాంపు ఆఫీసు పెంకుటిల్లు. వరండాలో బల్ల మీద నా స్నేహితుడు కూర్చుని ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, బడిలో దెబ్బలకు ఎదురుచూసే పిల్లవాడిలా. నన్ను చూసి లేవబోయి, లేస్తే ఏమంటారో అని మళ్ళీ కూర్చున్నాడు.

లోపల ఆఫీసరు హైదరాబాదు నుంచి వచ్చినవాడు, ముప్ఫై అయిదేళ్ళుంటాయి. "తాతగారూ, చొక్కా కుట్టించుకునే టైమ్ లేదండీ నాకు" అన్నాడు నవ్వుతూ.

"సార్, మీరడిగే సంచి పోలేదు. అసలు లేదు. దాన్ని నేను కుట్టలేదు" అన్నాను. కూర్చోమనలేదు కాబట్టి నిలబడే మొత్తం చెప్పాను. అతను విని, నన్ను కాదు, తలుపు దగ్గర నిలబడ్డ జీపు డ్రైవరును చూశాడు.

"అవ్ సార్, వాళ్ళు ఆ నంబరు కింద పడనియ్యరు" అన్నాడు డ్రైవరు. "మా ఓనరైతే జీపుకు గా నంబరే కావాలని ఆర్టీఓ ఆఫీసు చుట్టూ ఆర్నెల్లు తిరిగిండు. ఆయన సాయిబు కూడా కాదు."

"మీరు ఇది ఇవాళ కల్పించి చెప్పటం లేదని నేనెలా నమ్మాలి తాతగారూ?"

"రెండో విడత చూడండి. బి అక్షరం ఉంటది. అండ్ల కూడ ఆ అంకె ఉండదు."

అతను కంప్యూటరు వైపు తిరిగాడు. తెర మీద మా అడవి మ్యాపు, వాగులు నీలిగీతలు, సంచులు తీసిన చోట్లు చుక్కలు. నేను వదిలిన అంకెకు ముందూ వెనకా సంచులు తీసిన చోట్ల మధ్య, నా స్నేహితుడి గూడెం చుట్టూ ఎర్ర సున్నా ఒకటి గీసి ఉంది. అతను మ్యాపును పక్కకు జరిపాడు. చాలా దూరంలో, ఇంకో వాగు మీద, ఇంకో ఎర్ర సున్నా. అతని ముఖంలో నవ్వు పోయింది.

"ఇది కూడా మీరేనా?" అన్నాడు.

ఆ రెండో సున్నాలో ఏ గూడెం ఉందో, ఎవరుంటారో నాకిప్పటికీ తెలియదు. వాళ్ళ వరండా బల్ల మీద ఎవరు కూర్చున్నారో, కూర్చోబోతున్నారో తెలియదు. సూది పట్టుకున్న చేత్తో నేను గీసిన సున్నా అది.

అతను ఫోను తీసుకుని పెరట్లోకి పోయి చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడాడు. తిరిగొచ్చాక తలుపు వేసి, కుర్చీ చూపించాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"తాతగారూ, మా కంపెనీ ఈ బ్లాకు కొన్నదే ఈ రెండు చోట్ల కోసం. సరిగ్గా రెండు సంచులు మాయమయ్యాయి, మంచి రిజల్టు వచ్చినవి పాత కంపెనీ వాళ్ళు కూలీల చేత దాచేయించారు అని మా స్ట్రాటజీ టీమ్ రిపోర్టు రాసింది. డైరెక్టర్ల బోర్డు ఒప్పుకుంది. ఇప్పుడు ఇంకో కంపెనీకి సగం వాటా అమ్మబోతున్నాం. ఇక్కడిదాకా వచ్చాక, టైలరు గారు కుట్టలేదటండీ అని నేనెళ్ళి చెప్పాలా?"

"నిజం గదే గదా సార్."

"నిజమే. నేను నమ్మాను. అది వేరే విషయం."

ప్రింటరులోంచి ఒక కాగితం వచ్చింది. సంతకం పెట్టమన్నాడు. వేలిముద్రకు ఇంకు డబ్బా కూడా జరిపాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. అతను ఆశ్చర్యంగా చూశాడు. కాగితంలో ఇంగ్లీషులో ఉన్నది ఇదీ: ఫలానా టైలరునైన నేను కుట్టిన సంచుల్లో రెండు నాసిరకం కుట్టు వల్ల వానలో పిగిలిపోయి, వాటిలోని ఇసుక దారిలో పోయిందని ఒప్పుకుంటున్నాను.

"నా కుట్టు పిగిలిందా? యాభై ఏండ్ల సంది కుడుతున్న. నేను డబల్ కుట్టు వేసిన సంచి ఏనుగు తొక్కినా పిగలదు. పెళ్ళి చొక్కాలు కొడుకులు తొడుగుతున్నరు ఈ ఊళ్ళె. ఎవడు రాసిండిది?" అని అరిచాను. భయం ఏమైందో తెలియదు, ఒక్క నిమిషం పోయింది.

"అరవకండి తాతగారూ. సంచి ఉండేది, పిగిలిపోయింది అంటే దొంగతనం లేదు. దొంగతనం లేకపోతే బయట కూర్చున్నతను ఇప్పుడే ఇంటికెళ్తాడు. సంచి అసలు లేదంటారా, సోమవారం నా పై వాళ్ళు ఏం చేస్తారో నాకు తెలియదు. అతన్నీ, మిమ్మల్నీ."

అప్పుడు పోయిన భయం తిరిగొచ్చింది. కిటికీలోంచి వరండా కనబడుతోంది. నా అరుపు వినిపించి నా స్నేహితుడు తల ఇంకా కిందికి దించుకున్నాడు, కోప్పడింది తన మీదే అనుకుని.

"ఇసుక తీసిన మనిషి తప్పు ఏమీ లేదని ఇంకో వాక్యం రాయండి. అతని పేరు మాత్రం రాయొద్దు. అప్పుడు పెడత" అన్నాను. అతను రాసి మళ్ళీ ప్రింటు తీశాడు. మళ్ళీ మొత్తం చదివాను. జీవితంలో మొదటిసారి నా పనిని నేనే నాసిరకం అని ఒప్పుకుంటూ సంతకం పెట్టాను.

తిరుగు ఆటోలో నేనూ నా స్నేహితుడూ ఇద్దరమే ఉన్నాం. జరిగిందంతా అతనికి చెప్పాను.

"మరి ఆ సంచే లేకపోతే, అయిదు దినాలు నేను దేనికి కూసున్ననే అన్నా?" అన్నాడు.

"నా మూలంగ కూసున్నవ్ తమ్మీ. తిట్టు. కొట్టినా పడత."

"నిన్ను కొడితే ఎముకలు ఏరుకోవాలె. వద్దులే." నవ్వాడు గానీ ఆ నవ్వు పళ్ళ దగ్గరే ఆగింది. "సంచి ఉండెనని రాసిచ్చినవా?" అన్నాడు.

"అవ్."

"అయితే దాని తావు ఎక్కడ అని అడుగుతరన్నా. మళ్ళ నన్నే అడుగుతరు."

వ్యాపారం పేజీలు నలభై ఏళ్ళు చదివిన నాకు ఆ ముక్క తట్టలేదు. అతన్ని బల్ల మీదినుంచి లేపానే గానీ, ఎర్ర సున్నా అతని ఇంటి మీదే ఉంది. సంచి ఉండేదని సంతకం పెట్టి దాన్ని ఇంకా ముదురు రంగు చేశాను.

పది రోజులకు జీపు గూడేనికి పోయింది. ఆ రోజు నేను కొట్టు తీయలేదు. ఆఫీసరు నా స్నేహితుణ్ణి ఎదురుగా నిలబెట్టి తావు చూపమన్నాడట. అతను చూపించాడు. గూడెం దగ్గర కాదు. వాగు దాటి, గుట్ట అవతల, మనిషి గానీ మేక గానీ పోని ఉత్త బండ మీదికి తీసుకుపోయాడు.

"వాగు ఇసుక వాగులో కాక ఇక్కడెందుకు తీశావ్?" అన్నాడట ఆఫీసరు.

"ఆ దినం పెద్ద వాన సార్. వాగు పొంగింది, దిగనీయలే. ఈ బండ సందుల నుంచి నీళ్ళొస్తుంటే ఈడనే తీసిన. గా వానకే గదా సార్ సంచి పిగిలింది."

వాన సంగతి వాళ్ళ కాగితంలోనే ఉంది. కాదనడానికి లేకపోయింది. నాకది అతనే వచ్చి చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక అంత పెద్ద అబద్ధం ఆడలేదట.

ఇప్పుడు ఆ బండ మీద బోరు మిషను నడుస్తోంది. సన్నటి గొట్టంతో రాయిని కోసి, కోసిన రాతి కడ్డీలను పెట్టెల్లో పేరుస్తున్నారు. నీళ్ళు మోయడానికి నా స్నేహితుణ్ణే పెట్టుకున్నారు. వారానికోసారి కొట్టు దగ్గరికొచ్చి సంగతి చెప్తాడు.

"ఉత్త రాయే అన్నా."

"రాయే రానీ. ఆపుడైతే ఆపలే గదా?"

"ఆపలే. ఇంక కిందికి పోతరంట. పెద్ద సార్లు అడుగుతున్నరంట."

కిందటి బుధవారం పిల్లల బడి బట్టలివ్వడానికి గూడేనికి పోయాను. నా స్నేహితుడి వాకిట్లో మంచం మీద కూర్చుని గుండీలు సరిచూస్తున్నాను. గుట్ట అవతలి నుంచి మిషను మోత వస్తూనే ఉంది. గూడెంలో ఎవరూ దాన్ని పట్టించుకుంటున్నట్టు లేదు. ఉన్నట్టుండి మోత ఆగింది.

అప్పుడు తెలిసింది, అందరూ వింటూనే ఉన్నారని. ఇప్పపూలు ఎండబెడుతున్న ముసలమ్మ చేయి చాటలోనే ఉండిపోయింది. నా స్నేహితుడి భార్య పొయ్యిలోంచి కట్టె బయటికి లాగి ఆర్పేసింది, ఎందుకో ఆమెకే తెలియదు. ఆపేస్తే పెట్టెలు చూసుకుంటారు. పెట్టెల్లో ఏమీ లేదని తెలుస్తుంది. తెలిస్తే జీపు ఇటే తిరుగుతుంది. నేను చదివిన ఒక్క పేజీ కూడా నాకు సాయానికి రాలేదు. చేతిలో పిల్ల చొక్కా పట్టుకుని గుట్ట మీది కాలిబాటను చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి నా స్నేహితుడు ఖాళీ బిందెతో గుట్ట దిగుతూ కనిపించాడు. అతను పరుగెత్తుతున్నాడా, నడుస్తున్నాడా అని అందరూ అదే చూశారు. నడుస్తున్నాడు. వాగులోకి దిగి, ఒడ్డెక్కి, వాకిట్లోకి వచ్చేదాకా ఎవరూ అడగలేదు.

"డీజిల్ ఒడిసిందంట" అన్నాడు.

అతని భార్య మళ్ళీ పొయ్యి అంటించడానికి అగ్గిపెట్టె వెతుక్కుంది. మూడు పుల్లలు గీసినా అంటుకోలేదు. నేను అగ్గిపెట్టె తీసుకుని అంటించాను.